రిపోర్టులో కనిపించని రెండు ప్రొటీన్లు

ఈ వారం ఉత్తరం కోస్తా జిల్లా నుంచి ఒక సోదరి రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. ఆమెకు 46 ఏళ్ళు. చిక్కు తమ్ముడి జబ్బుతో మొదలై ఇప్పుడు రెండు ఇళ్ళకూ పాకింది.

తమ్ముడికి 43. ఏడాదిగా నీరసం, ఆయాసం. రక్తం తక్కువగా ఉందంటే ఐరన్ మాత్రలు వాడుతూ నెట్టుకొచ్చాడు. చివరికి కొలనోస్కోపీ (పేగులోకి కెమెరా గొట్టం పంపి చూడటం) చేస్తే పెద్దపేగులో కుడివైపు గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. మూడో దశ అన్నారు. గడ్డతో పాటు తీసిన లింఫ్ నోడ్స్ అనే చిన్న గ్రంథులు 18. ఆ 18 నోడ్స్‌లో రెండింటికి పాకిందట. క్యాన్సర్ జాడ కోసం ఆపరేషన్‌కు ముందు రక్తంలో చూసిన సీఈఏ మాత్రం 3.1, అంటే నార్మల్. ఆ తర్వాత ఇంకో కాగితం వచ్చింది. అందులో ఎంఎల్‌హెచ్‌1, పీఎంఎస్‌2 అనే ప్రొటీన్లు ఉన్నాయనీ, ఎంఎస్‌హెచ్‌2, ఎంఎస్‌హెచ్‌6 లేవనీ రాసి ఉంది. డాక్టరు అది చూసి, ‘ఇది కుటుంబంలో వచ్చేది కావచ్చు, రక్తపరీక్ష చేయిద్దాం. కీమోతో పాటు ఇమ్యునోథెరపీ గురించి కూడా ఆలోచించండి’ అన్నారు.

ఇంటికొచ్చాక ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. ప్రొటీన్లు లేవంటే ఒంట్లో బలం లేదని తమ్ముడి లెక్క. రోజూ నాలుగు గుడ్లు, ప్రొటీన్ పౌడరు, ఇమ్యూనిటీ కోసం తిప్పతీగ కషాయం. రక్తపరీక్ష వద్దే వద్దని మరదలు పట్టు. ఆమె కూతురికి 19 ఏళ్ళు. ఆ పిల్లను ఉత్తరం రాసిన సోదరి కొడుక్కి (23) ఇవ్వాలని పుట్టినప్పటినుంచీ అనుకున్న మేనరికం. ‘వంశంలో జబ్బుందని కాగితం మీద రాయించుకుని పిల్ల మెడకు కట్టమంటావా వదినా?’ అని ఏడ్చిందట. ఈ అక్కాతమ్ముళ్ళ తల్లి, ఏదీ బయటికి పొక్కనివ్వొద్దంటుంది. తండ్రి 48కే ‘కడుపులో గడ్డ’తో పోయారు. మేనత్త 50 నిండకుండా గర్భసంచి క్యాన్సర్‌తో పోయింది. తండ్రి ఆసుపత్రి కాగితాలు తల్లి ట్రంకు పెట్టెలో ఉన్నాయి గానీ, ఎవరినీ ముట్టుకోనివ్వదు.

ఆమె అడిగినవి నాలుగు. ఆ ప్రొటీన్లు లేకపోవడం మంచికా చెడుకా? ‘12 మందికి 12 మందికీ క్యాన్సర్ మాయం’ అని వాట్సాప్‌లో తిరిగిన మందు ఇదేనా, అప్పు చేసైనా ఇప్పించాలా? రక్తపరీక్ష చేయించాలా వద్దా? మేనరికం సంగతి ఏమిటి? ఉత్తరం చివర, సంతకం పైన, ఇంకో వాక్యం ఉంది: ‘టెన్షన్ వల్లో ఏమో నాకు మూడు నెలలుగా నెలసరికీ నెలసరికీ మధ్య కూడా బ్లీడింగ్ అవుతోంది, ఈ వయసులో మామూలేగా.’

అమ్మా,

మీ నాలుగు ప్రశ్నలకూ వస్తాను. ముందు మీరు ప్రశ్నగా అడగని ఆ చివరి వాక్యం గురించి మాట్లాడాలి. మామూలే కావచ్చు. మీ వయసులో చాలామందికి మామూలుగానే తేలుతుంది. కానీ మీ తమ్ముడి రిపోర్టునూ, మీ మేనత్త జబ్బునూ దాని పక్కన పెట్టి చూస్తే, నేను దాన్ని అలా వదిలెయ్యలేను. ఈ వారంలోనే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. ‘నెలసరి అటూ ఇటూ అవుతోంది’ అని మాత్రమే చెప్పి మాత్రలు రాయించుకుని రాకండి. తమ్ముడి రిపోర్టు జిరాక్స్ చేతికిచ్చి, మేనత్త సంగతి చెప్పండి. స్కానింగ్ చేస్తారు, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. స్కానింగ్ బాగానే ఉంది, ముక్క పరీక్ష ఎందుకులే అంటే, అడిగి మరీ చేయించుకోండి. మిగతా విషయాల్లో మీకు రెండు మూడు దారులున్నాయి. ఇందులో ఒక్కటే దారి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో తెలియాలంటే ఆ ప్రొటీన్ల సంగతి తెలియాలి.

అవి గుడ్లలో, పప్పులో ఉండే ప్రొటీన్లు కావు. ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే పనివాళ్ళు. కణం రెండుగా చీలేటప్పుడు తనలోని డీఎన్‌ఏను మొత్తం తిరగరాసుకుంటుంది. అంత రాతలో అక్షరాలు తప్పిపోతూనే ఉంటాయి. ఒకే అక్షరం పదిసార్లు వరసగా వచ్చే చోట తొమ్మిదో పదకొండో పడుతుంది. అచ్చుకు ముందు ప్రూఫులు దిద్దేవాళ్ళలాగా, ఈ ప్రొటీన్లు జతలుగా ఆ రాత వెంట నడుస్తాయి. ఎంఎస్‌హెచ్‌2, ఎంఎస్‌హెచ్‌6 జత తప్పును పట్టుకుంటుంది. ఎంఎల్‌హెచ్‌1, పీఎంఎస్‌2 జత వచ్చి ఆ ముక్కను కత్తిరించి దిద్దించే పని చూస్తుంది. ఎంఎస్‌హెచ్‌2 లేకపోతే ఎంఎస్‌హెచ్‌6 కూడా నిలవదు, అందుకే మీ రిపోర్టులో రెండూ కలిసే మాయమయ్యాయి. తమ్ముడు ఎన్ని గుడ్లు తిన్నా అవి తిరిగి రావు. గుడ్లు తిననివ్వండి, ఆపరేషన్ అయిన మనిషికి మంచిదే. కషాయం మాత్రం ఆపించండి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ రోజూ తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ళ గురించి మన దేశపు డాక్టర్లే పత్రికల్లో రాశారు. కీమో మొదలయ్యే ముందు కాలేయాన్ని ఇబ్బంది పెట్టే పని ఏదీ వద్దు.

నేను పాథాలజిస్టును. ముప్పై ఏళ్ళు ఇలాంటి స్లైడులే చూశాను. మీ తమ్ముడి స్లైడు నేను చూడలేదు గానీ, ఎలా ఉంటుందో చెప్పగలను. ఆ ప్రొటీన్ ఉన్న కణం మధ్యలో ఇటుక పొడి చల్లినట్టు గోధుమ రంగు తేలుతుంది. లేని కణం నీలంగా ఉండిపోతుంది. క్యాన్సర్ కణాలన్నీ వరసలు వరసలుగా నీలం. వాటి సందుల్లో దూరి చిన్న చిన్న గోధుమ చుక్కలు, ఒక్కోసారి లెక్కపెట్టలేనన్ని. ఆ చుక్కలు రోగనిరోధక కణాలు. గడ్డ మీదికి వచ్చిన సైన్యం అది. ప్రూఫు చూసేవాడు లేక గడ్డలో తప్పుల మీద తప్పులు పేరుకుపోయి, ఒంట్లో ఎక్కడా లేని వింత ప్రొటీన్లు తయారవుతాయి. వాటిని చూసి, ‘ఇది మనది కాదు’ అని సైన్యం కదిలి వస్తుంది. పారిస్‌లో జెరోమ్ గాలోన్ బృందం పెద్దపేగు గడ్డల్లో ఈ కణాలను లెక్కగట్టి, అవి దట్టంగా ఉన్నవాళ్ళలో జబ్బు తిరగబెట్టడం తక్కువని 2006లోనే చూపించింది.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు ఇది. ఆ ప్రొటీన్లు లేకపోవడం వల్లే గడ్డ పుట్టి ఉంటుంది, అది చెడు. అవి లేకపోవడం వల్లే మీ తమ్ముడి ఒళ్ళు ఆ గడ్డను గుర్తుపట్టగలుగుతోంది, అది మంచి. మొత్తం పెద్దపేగు క్యాన్సర్లలో ఇలాంటివి నూటికి 15 దాకా ఉంటాయి. ‘ఇమ్యూనిటీ తగ్గి జబ్బు వచ్చింది’ అన్న మాట మీ ఇంట్లో ఇక ఎవరూ అనకూడదని నా కోరిక. అతని ఇమ్యూనిటీ సరిగ్గా చోటుకే వెళ్ళి నిలబడింది, గడ్డ దానికి బ్రేకు వేసింది, అంతే. ఆ బ్రేకులు ఎలా పనిచేస్తాయో కనిపెట్టినందుకే జేమ్స్ అలిసన్‌కు, తసుకు హోంజోకు 2018లో నోబెల్ ఇచ్చారు. ఇమ్యునోథెరపీ మందులు చేసేది ఆ బ్రేకు తియ్యడమే.

సీఈఏ గురించి ఒక్క మాట. అది కూడా ఒక ప్రొటీనే. 1965లో మాంట్రియల్‌లో కనిపెట్టారు. పొగతాగేవాళ్ళలో క్యాన్సర్ లేకపోయినా పెరుగుతుంది, మీ తమ్ముడిలా నిజంగా గడ్డ ఉన్నవాళ్ళలో ఒక్కోసారి అసలు పెరగదు. అందుకని నార్మల్ ఉంది కదా ఇక కీమో ఎందుకు అనుకోవడానికి లేదు. ఆపరేషన్ తర్వాత కొన్నేళ్ళపాటు మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తారు, చూడనివ్వండి. మీ తమ్ముడి విషయంలో స్కానింగులూ కొలనోస్కోపీలే అంతకంటే పెద్ద కాపలా.

ఇప్పుడు వైద్యం. ఆపరేషన్ అయి ఐదు వారాలైందన్నారు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు కీమో మొదలుపెట్టాలని చూస్తారు. అంటే ఇంట్లో వాదనలకు మీకున్న సమయం మూడు వారాలు, అదీ ఈ ఒక్క విషయానికే. రక్తపరీక్ష తేలాకే కీమో అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, రెండూ వేరు వేరు పనులు.

మొదటి దారి, కీమో మాత్రమే. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మూడో దశలో తక్కువ ప్రమాదం ఉన్న కోవలోకి వచ్చేలా ఉంది. నోడ్స్ రెండే, అయితే గడ్డ పేగు గోడను దాటి ఎంత లోతుకు వెళ్ళిందో డాక్టరును అడిగి తెలుసుకోండి. అలాంటివాళ్ళకు మూడు వారాలకోసారి ఆక్సాలిప్లాటిన్ సెలైన్, మధ్యలో కెపెసిటబైన్ మాత్రలు, మొత్తం మూడు నెలలు సరిపోతుందని 2018లో వచ్చిన పెద్ద పరిశీలన తర్వాత చాలామంది డాక్టర్లు ఒప్పుకున్నారు. ఇబ్బందులు ఉంటాయి. సెలైన్ ఎక్కిన వారం రోజులు ఫ్రిజ్‌లో సీసా ముట్టుకున్నా వేళ్ళు జివ్వుమంటాయి, చన్నీళ్ళు తాగితే గొంతు పట్టేస్తుంది. అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతాయి. ఇంట్లో అందరికీ ముందే చెప్పిపెట్టండి. ఒక హెచ్చరిక కూడా: ‘సెలైన్ తట్టుకోలేను, మాత్రలొక్కటే వేసుకుంటా’ అని తమ్ముడు అనొచ్చు. ఈ రకం గడ్డ మీద ఆ మాత్రలు ఒంటరిగా పెద్దగా పనిచెయ్యవు. ఆక్సాలిప్లాటిన్ తోడు ఉండాల్సిందే. ఎవరైనా మాత్రలొక్కటే రాసిస్తే ఆ రెండు ప్రొటీన్ల కాగితం చూపించి మళ్ళీ అడగండి.

రెండో దారి, కీమోకు ఇమ్యునోథెరపీ కలపడం. 2025లో ఫలితాలు వెల్లడైన ఒక అధ్యయనంలో సరిగ్గా మీ తమ్ముడిలాంటి వాళ్ళనే, మూడో దశ, ప్రొటీన్లు లేని గడ్డలు ఉన్న 712 మందిని తీసుకున్నారు. సగం మందికి ఆర్నెల్ల కీమో. మిగతావాళ్ళకు ఆ కీమోతో పాటు అటెజోలిజుమాబ్ అనే మందు, మొత్తం ఏడాది. మూడేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు మొదటి గుంపులో నూటికి 76 దాకా, రెండో గుంపులో 86 దాకా ఉన్నారు. ఇది చిన్న తేడా కాదు. అదే లెక్కను ఇటు తిప్పి చూస్తే, ఖరీదైన మందు లేకుండానే 76 మంది బాగున్నారు. ఎవరు ఎక్కువ కాలం బతికారన్న లెక్క అప్పటికింకా తేలలేదు. ఏడాదిపాటు వాడాల్సిన మందు, ఖర్చు లక్షలమీద లక్షలవుతుంది. బ్రేకు తీసిన సైన్యం ఒక్కోసారి సొంత ఒంటి మీదే పడుతుంది. థైరాయిడ్ దెబ్బతినొచ్చు, విరేచనాలు పట్టుకోవచ్చు, ఊపిరితిత్తులు, కాలేయం వాచొచ్చు. త్వరగా పట్టుకుంటే చాలావరకు లొంగుతాయి గానీ, థైరాయిడ్ మాత్ర లాంటిది జీవితాంతం మిగిలిపోవచ్చు.

మూడో దారి కూడా ఉంది, చాలామంది చెప్పరు. ఇప్పుడు కీమో పూర్తి చేసి, జాగ్రత్తగా గమనిస్తూ, జబ్బు తిరగబెడితే అప్పుడు ఇమ్యునోథెరపీకి వెళ్ళడం. ఇలా వేరే చోటికి పాకిన దశలో కీమోకు బదులు పెంబ్రోలిజుమాబ్ ఇచ్చి చూసిన 307 మంది అధ్యయనం 2020లో వచ్చింది. కీమోతో జబ్బు సగటున ఎనిమిది నెలలు ఆగితే, దీనితో పదహారు నెలలు ఆగింది. కొందరికైతే ఏళ్ళ తరబడి. అంటే ఇప్పుడు డబ్బు లేక ఆ మందు వెయ్యలేకపోతే తలుపు మూసుకుపోయినట్టు కాదు. అయితే తిరగబెట్టిన జబ్బును తరమడం కంటే రాకుండా చూడటం తేలిక, అదీ నిజమే.

వాట్సాప్‌లో వచ్చింది అబద్ధం కాదు. 2022లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రిలో డోస్టార్లిమాబ్ ఇచ్చిన 12 మందికీ గడ్డ కనిపించకుండా పోయింది. కానీ వాళ్ళందరిదీ మలద్వారానికి దగ్గరి పేగులో గడ్డ, ఆపరేషన్‌కు ముందే ఇచ్చారు. మీ తమ్ముడి గడ్డ ఇప్పటికే బయటికి తీసేశారు. ఆ వార్త మీ ఇంటికి సరిగ్గా అతకదు.

అప్పు విషయం మీరు నేరుగా అడిగారు కాబట్టి నేరుగా చెబుతాను. డబ్బు కష్టం కాకపోతే, లేదా ఇన్సూరెన్సు ఇస్తే, నేను రెండో దారి వైపు మొగ్గుతాను. పొలం అమ్మాల్సి వస్తే మొగ్గను. ఆ ఇంట్లో ఇంకా చదువుకుంటున్న పిల్ల ఉంది, తర్వాత డాక్టరు దగ్గరికి తిరగడానికి, స్కానింగులకు డబ్బు కావాలి. ఏదైనా తేల్చే ముందు రెండు పనులు చెయ్యండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో 2024 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవ) కింద దేనికి ఇస్తారో, దేనికి ఇవ్వరో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటరులో అడిగి కాగితం మీద రాయించుకోండి. అలాగే రెండో అభిప్రాయం తీసుకోండి. హైదరాబాదులో ఎంఎన్‌జే, విశాఖలో టాటా వాళ్ళ హోమీ భాభా ఆసుపత్రి, రెండూ ప్రభుత్వానివే. వెళ్ళేటప్పుడు రిపోర్టుతో పాటు ‘బ్లాక్’ ఇవ్వమని అడగండి. గడ్డ ముక్కను మైనంలో పోసి పెట్టిన చిన్న దిమ్మ అది. అది మీ తమ్ముడిదే, అడిగితే ఇస్తారు. రిపోర్టులో తప్పు దొర్లొచ్చు, బ్లాక్ ఉంటే మళ్ళీ చూసుకోవచ్చు.

ఇక రక్తపరీక్ష, మీ మరదలి కన్నీళ్ళు.

1895లో అమెరికాలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే పాథాలజిస్టుకు ఆయన ఇంటి బట్టలు కుట్టే ఆవిడ ఒక మాట చెప్పింది. మా ఇంట్లో అందరూ క్యాన్సర్‌తోనే పోతారు, నేనూ అలాగే పోతాను, అని. తర్వాత ఆవిడ గర్భసంచి క్యాన్సర్‌తోనే పోయింది. ఆయన ఆ కుటుంబం వివరాలు సేకరించి 1913లో ప్రచురించారు. తర్వాత హెన్రీ లించ్ అనే డాక్టరు ఆ దారిలోనే మరెన్నో కుటుంబాలను వెతికారు, అందుకే దీనికి లించ్ సిండ్రోమ్ అని పేరు. చివరికి 2000లో ఆ దర్జీ ఆవిడ వంశంలో తేలిన లోపం (ప్రొటీన్ ఎలా తయారుచెయ్యాలో డీఎన్‌ఏలో రాసి ఉండే పాఠాన్ని జీన్ అంటారు) ఏ జీన్‌లోనో తెలుసా? ఎంఎస్‌హెచ్‌2. మీ తమ్ముడి కాగితంలో లేదని రాసిన పేరే. మీ ఇంట్లో పెద్దపేగు ఒకరికి, గర్భసంచి ఒకరికి, అదీ యాభై లోపు. ఇది చూసి ఏ పాథాలజిస్టైనా ఆ దర్జీ ఆవిడనే గుర్తుచేసుకుంటారు.

అయినా ఇంకా రుజువు కాలేదు. ఆ జీన్ రెండు ప్రతులూ (తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి) గడ్డలోనే పాడైపోయిన సందర్భాలుంటాయి, అప్పుడది తమ్ముడితోనే ఆగిపోతుంది, పిల్లలకు సంబంధం లేదు. తేల్చేది రక్తపరీక్ష ఒక్కటే. పరీక్ష మొదట తమ్ముడికే చెయ్యాలి, మీకో పిల్లకో కాదు. జబ్బు ఉన్న మనిషిలో తప్పు అక్షరం ఎక్కడుందో దొరికితే, తర్వాత మిగతావాళ్ళలో సరిగ్గా ఆ చోటే చూస్తే చాలు. తక్కువ ఖర్చు, జవాబు అవునో కాదో ఖాయం.

పరీక్ష చేయిస్తే ఏమవుతుంది? తమ్ముడిలో లోపం ఉందని తేలితే మీకు ఉండే అవకాశం సగం, అతని కూతురికి సగం. లేదని తేలిన సగం మంది ఆ రోజుతో నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోతారు, మిగతా జనంలాగే. ఉందని తేలినవాళ్ళకు జబ్బు ఉన్నట్టు కాదు, ముప్పు ఉన్నట్టు. ఎంఎస్‌హెచ్‌2లో లోపం ఉన్నవాళ్ళలో జీవితకాలంలో నూటికి నలభై యాభై మందికి పెద్దపేగు క్యాన్సర్ రావచ్చు, ఆడవాళ్ళకు గర్భసంచి ముప్పు కూడా దాదాపు అంతే. అందుకే 20, 25 ఏళ్ళ నుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేస్తారు. గడ్డ చిన్న పిలకలా ఉన్నప్పుడే కత్తిరించేస్తారు. పిల్లలు పుట్టాక ఆడవాళ్ళు గర్భసంచి తీయించుకునే మాట కూడా ఆలోచిస్తారు. రోజూ ఆస్పిరిన్ రెండేళ్ళకు పైగా వాడితే పెద్దపేగు ముప్పు బాగా తగ్గుతుందని తేలింది, కానీ అది డాక్టరు చెప్పాకే. ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి.

చేయించకపోతే? అదీ ఒక దారే, కాదనను. కానీ అప్పుడు మీరు, మీ అబ్బాయి, మీ మేనకోడలు అందరూ లోపం ఉన్నవాళ్ళలాగే ఏళ్ళ తరబడి కొలనోస్కోపీలు చేయించుకుంటూ పోవాలి. అవసరం లేని సగం మందికి కూడా అదే తిప్పలు. మరదలు ‘కాగితం వద్దు’ అంటున్నది కూతురి కోసం. కాగితం లేకపోతే కూతురికి మిగిలేది అనుమానం, అది కాగితం కంటే బరువు.

మధ్యలో ఇంకో దారి ఉంది. తమ్ముడి రక్తం ఇప్పుడే తీసి డీఎన్‌ఏ భద్రపరచమని అడగొచ్చు. కీమో అయ్యాక, మనసులు కుదుటపడ్డాక పరీక్ష చేయించొచ్చు. తర్వాత ఏం జరిగినా పిల్లల కోసం ఆ నమూనా ఉంటుంది. మరదలు దీనికి ఒప్పుకునే అవకాశం ఎక్కువ అనిపిస్తోంది. హైదరాబాదులో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. పరీక్షకు ముందు కూర్చోబెట్టి మాట్లాడే డాక్టర్లు అక్కడుంటారు. మరదల్ని కూడా తీసుకెళ్ళండి. మీరు చెబితే ఆడపడుచు మాట అవుతుంది, అదే మాట డాక్టరు చెబితే వేరేగా వినిపిస్తుంది. ఆ పరీక్ష ఫలితం మీ అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వరని కూడా ఆమె చెవులారా వినాలి.

ఆ అమ్మాయికి 19 ఏళ్ళు. తన రక్తం పరీక్ష చేయించాలా, ఎప్పుడు చేయించాలి, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నవి తను నిర్ణయించుకోవాల్సినవి. తండ్రికి చేసే పరీక్ష గురించి మాత్రం ఆమెకు తెలియాలి. పక్కగదిలో పెద్దవాళ్ళు గుసగుసలాడుతుంటే ఆ వయసు పిల్లలకు అర్థం కాకుండా ఉండదు.

మేనరికం దగ్గరికి వస్తే, ఇక్కడ మీరు తెలుసుకోవాల్సింది ఒకటుంది, మీ డాక్టరు బహుశా మీ ఇంటి సంబంధం సంగతి తెలియక చెప్పి ఉండరు. జీన్ రెండు ప్రతుల్లో లోపం ఉన్నది ఒక్కటే, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి వస్తే లించ్ సిండ్రోమ్, అది పెద్దయ్యాక వచ్చే ముప్పు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపం ఉన్నవే వస్తే మాత్రం సంగతి వేరు. ఆ బిడ్డ కణాల్లో ప్రూఫు చూసేవాడు పుట్టుకతోనే ఉండడు. పసితనంలోనే మెదడులో గడ్డలు, రక్త క్యాన్సర్లు, పేగు క్యాన్సర్లు వస్తాయి. చాలా అరుదు, కానీ రక్తసంబంధం ఉన్న పెళ్ళిళ్ళలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. తమ్ముడిలో లోపం ఉందనుకుంటే, అతని కూతురికి సగం అవకాశం. మీకు సగం, మీ అబ్బాయికి నాలుగో వంతు. ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదిలో ఒకటి. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ ఆ తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగులో ఒకటి. ఇద్దరిలో ఏ ఒక్కరికి లేదని తేలినా ఆ భయం పూర్తిగా పోతుంది. చూడండి, ఏ పరీక్ష పెళ్ళికి అడ్డమని మరదలు భయపడుతోందో, ఈ పెళ్ళికి దారి తెరవగలిగేది కూడా ఆ పరీక్షే.

ఇద్దరికీ ఉందని తేలితే అప్పుడూ దారి ఒక్కటే కాదు. పెళ్ళి చేసుకుని, గర్భం వచ్చాక పరీక్ష చేయించుకోవచ్చు. పిండాన్ని ముందే పరీక్షించి గర్భసంచిలో పెట్టే పద్ధతీ ఉంది, ఖర్చు ఎక్కువ, మనసుకు కూడా భారం. లేదా పెద్దలు ఎప్పుడో అనుకున్న మాటను పెద్దలే గౌరవంగా వెనక్కి తీసుకోవచ్చు. ఇంతకీ ఆ పిల్లలిద్దరికీ ఈ పెళ్ళి ఇష్టమేనా అన్నది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. నాలుగు పేజీలు వెతికాను. ముందు అది అడగండి. ఇష్టం లేకపోతే ఈ లెక్కలేవీ అక్కర్లేదు. ఇష్టమైతే ఈ లెక్క చూసుకోవాల్సింది వాళ్ళే. తొందర మాత్రం లేదు, కీమో అయ్యేదాకా పెళ్ళి మాట పక్కన పెట్టండి.

తొందర ఉన్నవి రెండే: ఈ వారం మీ గైనకాలజిస్టు, మూడు వారాల్లోపు తమ్ముడి కీమో. మీ కొలనోస్కోపీ కూడా ఎక్కువ రోజులు ఆపకండి. రక్తపరీక్ష తేలినా తేలకపోయినా, తండ్రి, తమ్ముడి వయసులు చూస్తే మీకు అది కావాలి.

మీ అమ్మగారి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. ఆవిడ దాచమంటున్నారని మీకు కోపం వచ్చినట్టు ఉంది. చిన్నవయసులో భర్తను పోగొట్టుకుని, ఆడపడుచును పోగొట్టుకుని, ఇద్దరు పిల్లల్ని ఒక్కతే పెంచిన మనిషి. ఆ రోజుల్లో ఎవరైనా ఆవిడను ‘ఏం తిండి పెట్టావో’ అని అని ఉంటారు, అలా అనేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. ఆవిడకు ఒక మాట చెప్పండి: ఇది ఆవిడ వంట వల్ల రాలేదు, ఆవిడ రక్తం నుంచి కూడా రాలేదు, వచ్చి ఉంటే మామగారి ఇంటి వైపు నుంచి వచ్చింది. తర్వాత ఒక మధ్యాహ్నం, తమ్ముడు నిద్రపోతున్నప్పుడు, ఆవిడ పక్కన కూర్చుని ఆ ట్రంకు పెట్టె మీరు తియ్యకుండా ఆవిడనే తియ్యమని అడగండి. మీ నాన్నగారి ఆపరేషన్ చీటీ, ముక్క పరీక్ష కాగితం ఏదైనా ఉంటే ఫొటో తీసుకుని కాగితాలు తిరిగి పెట్టెలోనే పెట్టెయ్యండి. ఆ ఫొటోలతో పాటు, మేనత్తకు ఎన్నో ఏట వచ్చిందో, ఏ ఊళ్ళో చూపించారో ఆవిడ నోటితో చెప్పిందంతా ఒక కాగితం మీద రాసి నిమ్స్‌కు తీసుకెళ్ళండి. జెనెటిక్స్ డాక్టరు మొదట అడిగేది అదే. అది చెప్పగలిగే మనిషి మీ ఇంట్లో ఇప్పుడు ఆవిడ ఒక్కరే.